సెప్టెంబరు రీడింగ్

హైమ ఇంట్లో గాలి కొలుస్తానని ముందుగా అన్నది సరోజే. ఎవరూ అడగలేదు.

అది 1986 సెప్టెంబరు. అప్పటికి న్యూజెర్సీ ఉత్తరభాగంలో ఎక్కడ విన్నా రేడాన్ మాటే. నేల అడుగున రాతిలో పుట్టి, పునాది పగుళ్లలోంచి ఇళ్లలోకి చేరే రేడియోధార్మిక వాయువు అది. రంగు ఉండదు, వాసన ఉండదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో కేన్సర్ రావచ్చని పేపర్లు రాస్తున్నాయి. సరోజ పనిచేసే చిన్న ప్రైవేటు ల్యాబ్‌కి రోజూ మూడు వందల డబ్బాలు పోస్టులో వచ్చి పడేవి. అరచేతిలో పట్టే రేకు డబ్బా, లోపల బొగ్గు నలుసులు. మూత తీసి నాలుగు రోజులు ఇంటి అడుగున ఉండే బేస్‌మెంట్‌లో ఉంచితే గాలిలోని రేడాన్‌ని బొగ్గు పట్టుకుంటుంది. మళ్లీ మూత పెట్టి, టేపు చుట్టి పంపితే, ల్యాబ్‌లో ఒక్కో డబ్బానీ పది నిమిషాలు మిషన్ మీద పెట్టి లెక్క తీస్తారు. లీటరు గాలికి నాలుగు పికోక్యూరీలు దాటితే ఇల్లు బాగుచేయించుకోవాలి. నాలుగు లోపైతే ఫరవాలేదు. ఫోన్ చేసిన వాళ్లందరికీ సరోజ చెప్పే మాట అదే. వాల్తేరులో ఎమ్మెస్సీ చదివి, పెళ్లయి వచ్చాక పదేళ్లు ఖాళీగా కూర్చున్న మనిషికి, అవతలివాళ్లు తన మాట విని తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం బాగుండేది.

హైమ ఆమెకంటే పన్నెండేళ్లు పెద్ద. గుంటూరువాళ్లు. భర్త దక్షిణామూర్తి హాస్పిటల్‌లో మత్తుమందు డాక్టరు. హంటర్డన్ కౌంటీలో ఒక గుట్ట మీద వాళ్ల ఇల్లు. పిల్లలు లేరు. చుట్టుపక్కల ముప్ఫై మైళ్లలో ఉన్న తెలుగు పిల్లలంతా ఆదివారం పొద్దున వాళ్ల బేస్‌మెంట్‌లో చేరేవారు. హైమ వాళ్లకి గుణింతాలు దిద్దించేది, పద్యాలు చెప్పేది, చివర్లో పులిహోర పెట్టేది. సరోజ కూతురు విద్యకి తెలుగు చదవడం వచ్చింది అక్కడే.

బేస్‌మెంట్ అంటే హైమకి బేస్‌మెంటు కాదు, అదే ఇల్లు. పైన తెల్ల కార్పెట్, అతిథుల సోఫా. కింద కుట్టుమిషను, పాత టీవీ, దేవుడి గూడు, ఒక గ్యాస్ పొయ్యి. ఇల్లు కొన్న కొత్తలో హాస్పిటల్ వాళ్లని భోజనానికి పిలిస్తే ఒకావిడ గుమ్మంలోనే ముక్కు మూసుకుందట. ఆ వారంలోనే దక్షిణామూర్తి కింద రెండో పొయ్యి పెట్టించాడు. అప్పటినుంచి ఇంగువ పోపులు, వేపుళ్లు, చేపల పులుసు అన్నీ కిందే. హైమ పొద్దున దిగితే సాయంత్రం ఆయన వచ్చే వేళకి పైకి వచ్చేది.

సరోజ డబ్బా మూత తీసి పుస్తకాల బీరువా మీద పెడుతుంటే హైమ నవ్వింది.

"ఇదేంటే, షూ పాలిష్ డబ్బాలా ఉంది?"

"నాలుగు రోజులు కదపకక్కా. కిటికీలు మూసి ఉంచాలి."

"ఈ ఉక్కలో కిటికీలు మూసుకుంటే పోపు పొగంతా ఎక్కడికి పోతుందే?"

"నాలుగు రోజులేగా."

"సర్లే, నీ ఉద్యోగం కోసం."

గురువారం మధ్యాహ్నం డబ్బా తీసుకోవడానికి వెళ్లేసరికి నేలకి సమంగా ఉండే ఆ రెండు సన్న కిటికీలూ జానెడు తెరిచి ఉన్నాయి. ఒకదాంట్లో ఫ్యాన్ తిరుగుతోంది. వంకాయలు వేయించానని, ఇప్పుడే అరగంట క్రితం తెరిచానని హైమ చెప్పింది. అరగంట కాదని సరోజకి తెలుస్తూనే ఉంది. గాలి ఇలా బయటికి పోతే లెక్క తక్కువ చూపిస్తుంది, డబ్బా పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. కానీ విద్యని స్కూల్ నుంచి తెచ్చుకునే టైమైంది. హైమ వేపుడు డబ్బాలో పెట్టి చేతికిస్తోంది. సరోజ టేపు చుట్టి డబ్బా తెచ్చేసుకుంది. కిటికీలు మూసి ఉంచారా అని ఫారం మీద ఉన్న ప్రశ్నకి అవునని టిక్ పెట్టింది.

మూడు పాయింట్ ఒకటి వచ్చింది.

"మూడు పాయింట్ ఒకటి, నాలుగు లోపే అక్కా. ఫరవాలేదు," అని ఫోన్‌లో చెప్పింది. చలికాలంలో ఇంకోసారి చేద్దామని మనసులో అనుకుంది. దసరాకి అందరూ చేరినప్పుడు "మా బేస్‌మెంట్ పాసైంది" అని హైమ గర్వంగా చెప్పుకుంది.

చలికాలం వచ్చింది. కిటికీలకి ప్లాస్టిక్ షీట్లు అంటించారు, బయట మంచు వాటిని కప్పేసింది. సరోజ ప్రతి ఆదివారం విద్యని దింపుతూ ఆ మెట్లు దిగేది. దిగినప్పుడల్లా డబ్బా సంగతి గుర్తొచ్చేది. ల్యాబ్‌లో డబ్బాలు గుట్టలుగా పడి ఉన్నాయి, ఇంటికి వచ్చేసరికి ఒళ్లు పులిసిపోయేది. పైగా ఒకసారి ఫరవాలేదని చెప్పిన ఇంట్లో మళ్లీ కొలుస్తానంటే ఎందుకని అడుగుతారు. ఆ చలికాలం గడిచింది. తర్వాతి చలికాలం కూడా అలాగే గడిచింది.

1988 మార్చిలో హైమకి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గేనని దక్షిణామూర్తి మూడు వారాలు మందులిచ్చాడు. ఏప్రిల్‌లో ఎక్స్‌రే తీయించి, ఫిల్మ్ తనే వెలుతురుకి పెట్టి, ఊపిరితిత్తిలో గడ్డ చూసి, అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు.

ఏ గదికి తీసుకెళ్లినా నర్సులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే, సిగరెట్లు ఎన్నేళ్లు తాగారని. ఎప్పుడూ లేదని హైమ చెప్పేది. వాళ్లు కాగితం లోంచి తలెత్తి ఒకసారి చూసేవారు. అయిదోసారో ఆరోసారో అడిగినప్పుడు పక్కన ఉన్న సరోజతో తెలుగులో అంది.

"ఈసారి అవునని రాయించెయ్యవే. పాపం, వాళ్లకి తృప్తిగా ఉంటుంది."

నవంబరులో పోయింది. చివరి పదిహేను రోజులు మాట కూడా లేదు.

దినకర్మలు అయ్యాక కూడా సరోజ వారానికోసారి కూరలు వండి పట్టుకెళ్లేది. జనవరిలో వెళ్లినప్పుడు దక్షిణామూర్తి కింద పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు.

"ఆ ముక్కు మూసుకున్నావిడ పేరు కూడా నాకు గుర్తులేదు," అన్నాడు. "ఆవిడ కోసం హైమని కిందికి దింపాను. పద్నాలుగేళ్లు ఈ గాలాడని గదిలో పొగ మింగింది."

సరోజ కిటికీల వంక చూసింది. ప్లాస్టిక్ షీట్లు గట్టిగా అంటించి ఉన్నాయి.

"అన్నయ్యగారూ, ఇంకోసారి టెస్ట్ చేస్తాను."

"అప్పుడు చేశావుగా అమ్మా."

"చలికాలంలో చెయ్యాలి."

ఆయన ఎందుకని అడగలేదు. కింద రెండు డబ్బాలు, పైన పడగ్గదిలో ఒకటి పెట్టింది.

సోమవారం ల్యాబ్‌లో మొదటి డబ్బా మిషన్ మీద పెట్టగానే అంకెలు తిరిగే వేగం చూసి మిషన్ చెడిపోయిందనుకుంది. ఖాళీ డబ్బా పెట్టి చూసింది, మిషన్ బాగానే ఉంది. మళ్లీ పెట్టింది. తొంభై రెండు. రెండో డబ్బా ఎనభై ఎనిమిది. పైన పడగ్గదిలో పదిహేడు. పక్క టేబుల్ దగ్గరి అమ్మాయి ఏమైందని అడిగితే ఏం లేదని బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడింది. మూడు పాయింట్ ఒకటి అని తను చెప్పిన గొంతు ఆమెకి వినిపించింది. తర్వాత ఆదివారం క్లాసు పిల్లలు గుర్తొచ్చారు. హైమకి అప్పటికే ఏదైనా మొదలై ఉంటే ఉండొచ్చు. పిల్లల రెండు చలికాలాల సంగతి వేరు. అవి తన చేతిలో ఉన్నవే.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు సాయంత్రం దక్షిణామూర్తి హాస్పిటల్ నుంచి వచ్చే వేళకి వాళ్లింటికి వెళ్లింది. వంటింట్లో నిలబడే చెప్పింది.

"తొంభై రెండు."

"అప్పుడు మూడన్నావు."

"అప్పుడు కిటికీలు తెరిచి ఉన్నాయి. నేను చూశాను. చూసి కూడా మూసి ఉన్నాయని రాశాను."

ఆయన కాఫీ కలుపుతున్నాడు. కలపడం ఆపలేదు. రెండు కప్పుల్లో పోసి, ఒకటి ఆమె ముందు పెట్టి, పంచదార సరిపోయిందా అని అడిగాడు. సరిపోయిందంది. ఇద్దరూ తాగలేదు.

"ఒక్క సంగతి చెప్పు సరోజా. ఆ రోజే తొంభై రెండని తెలిసి, ఏదో ఒకటి చేయించి ఉంటే, హైమ బతికేదా?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమెకి తెలుసు. రెండు రోజులుగా జవాబు కోసం ల్యాబ్‌లో ఉన్న రిపోర్టులన్నీ తిరగేసింది.

"బహుశా బతికేది కాదు. ఇది బయటపడ్డానికి పదేళ్ల పైనే పడుతుంది. అప్పటికే మొదలై ఉంటుంది."

"అయితే ఈ గాలివల్లే వచ్చిందా?"

"అదీ చెప్పలేను."

"పొయ్యి పొగవల్లనా?"

"చెప్పలేను అన్నయ్యగారూ. వెయ్యిమంది ఇలాంటి ఇళ్లల్లో ఉంటే వాళ్లలో ఎంతమందికి వస్తుందో చెప్పగలను. ఒక్క మనిషి గురించి ఎవరూ చెప్పలేరు."

ఆయన రెండు కప్పులూ తీసి సింకులో పోశాడు.

"అంటే నన్ను నేను తిట్టుకోవడానికీ ఆధారం లేదు, నిన్ను తిట్టడానికీ లేదు," అన్నాడు. "అలా ఎలా ఉండమంటావమ్మా?"



ఆ రాత్రి భోజనాల దగ్గర సరోజ భర్తకి చెప్పింది. రామమోహన్ పార్సిప్పనీలో ఒక కంపెనీలో ఇంజనీరు, ఏ పనైనా నెమ్మదిగా ఆలోచించి చేసే మనిషి.

"పిల్లల పేరెంట్స్‌కి చెప్పాలి," అంది.

"చెప్పి?"

"వాళ్లకి తెలియాలిగా."

"తెలిసి ఏం చేస్తారు? ట్రీట్‌మెంట్ ఉందా? లేదు. వారానికి రెండు గంటలు. రిస్క్ చాలా స్మాల్ అని నువ్వే అంటున్నావు. ఎవరో ఒకరు లాయర్ దగ్గరికి వెళ్తారు. నీ జాబ్ పోతుంది. పోనీ, అదీ వదిలెయ్. ఆ పెద్దాయన్ని మనశ్శాంతిగా ఉండనివ్వరు."

"నేను తప్పు రాశాను."

"అది నీకు బరువుగా ఉందని వాళ్ల నెత్తిన పెడతావా?"

ఆ మాట ఆమెకి లోపల గుచ్చుకుంది. నిజమేమో అనిపించింది కూడా. అయినా శనివారం పొద్దున ఫోన్ దగ్గర కూర్చుంది. పదిహేడు కుటుంబాలు. హైమ చేత్తో రాసిన పిల్లల పేర్ల కాగితం దక్షిణామూర్తి ఇచ్చాడు.

నరసింహగారు మొదట అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక, "పాసైందని దసరాకి చెప్పింది ఆ టెస్ట్ గురించేనా?" అన్నాడు. అవునంది. "నువ్వు చేసిందేనా?" అవునంది. ఆయన ఫోన్ పెట్టేశాడు. విజయశ్రీ ఏడ్చింది, తర్వాత తమ ఇంటికి డబ్బా ఎప్పుడు తెస్తావని అడిగింది. ఒకాయన ఇదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపమన్నాడు. ఇంకొకావిడ, మా వాడికి ఇప్పుడే మంచి కాలేజీలో అడ్మిషన్ వచ్చింది, వాడికి ఈ సంగతి చెప్పొద్దు, ఇంకెప్పుడూ మా ఇంటికి ఫోన్ చెయ్యొద్దు అంది.

రేణు ఒక్కతే నెమ్మదిగా మాట్లాడింది. ఆమెకి ఇద్దరు ఆడపిల్లలు, ఆరేళ్లపాటు క్లాసుకి వచ్చారు.

"ఇప్పుడు పిల్లలకి ఏదైనా టెస్ట్ చేయించొచ్చా?"

"అలాంటి టెస్ట్ లేదు."

"తగ్గించే మందేమైనా ఉందా?"

"లేదు."

"మరి నేనేం చెయ్యాలి?"

"చేసేదేం లేదు రేణూ. పెద్దయ్యాక సిగరెట్లు తాగకుండా చూసుకో. అంతే."

వెనకాల పిల్లలు టీవీ పెట్టిన చప్పుడు వినిపిస్తోంది.

"అయితే నాకెందుకు చెప్పావు సరోజా?" అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. "నిన్నటిదాకా వీళ్లు దగ్గితే జలుబు అనుకునేదాన్ని. ఇంక జన్మలో అలా అనుకోగలనా?"

పదిహేడూ అయ్యేసరికి మధ్యాహ్నం మూడైంది. విద్య మెట్ల మీద కూర్చుని ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల. ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు.

"అమ్మా, నేను కూడా వెళ్లాను కదా. ఎవ్రీ సండే."

"అవును."

"నాకు వస్తుందా?"

"చాలా తక్కువ. చాలా చాలా తక్కువ విద్యా."

"హైమ ఆంటీకి కూడా తక్కువే కదా? స్మోక్ చెయ్యలేదు కదా."

సరోజ దగ్గరికి వెళ్లి పట్టుకోబోయింది. విద్య విదిలించుకోలేదు, ఒరగనూ లేదు. అలాగే బిగుసుకుని నిలబడింది.

"నువ్వు కిటికీ చూశావా అమ్మా? నిజంగా చూశావా?"

"చూశాను."

"వై డిడ్న్ట్ యూ జస్ట్ క్లోజ్ ఇట్?"

నిన్ను స్కూల్ నుంచి తేవాలని తొందరలో ఉన్నానని చెప్పబోయి ఆగిపోయింది. ఆ మాట పిల్ల మీద వెయ్యకూడదు. విద్య పైకి వెళ్లి తలుపు వేసుకుంది.

ల్యాబ్‌లో మేనేజర్‌కి కూడా చెప్పింది. ఆయన పాత ఫారం తెప్పించి చూసి, అది ల్యాబ్‌కి వచ్చిన కేసు కాదు, స్నేహితురాలి ఇంట్లో సొంతంగా చేసింది, ఇంక ఎవరితోనూ అనకు అన్నాడు. శిక్షా లేదు, మందలింపూ లేదు. ఫోన్లలో జవాబులు చెప్పే పని మాత్రం తర్వాత ఆమె దగ్గరనుంచి తీసేశారు. ఆమె ఎవరికీ ఫరవాలేదని చెప్పలేకపోయేది. నంబరు చదివి, ఇది ఈ నాలుగు రోజుల లెక్క మాత్రమే, మళ్లీ చలికాలంలో చేయించండి, ఆ తర్వాత కూడా చేయించండి అనేది. అవతలివాళ్లు ఇంతకీ మంచిదా కాదా అని అడిగేవారు. ఆమె మళ్లీ నంబరే చదివేది. కంప్లైంట్లు వచ్చాయి.

దక్షిణామూర్తి ఇంటికి పైపు వేసే మనిషిని ఆమే మాట్లాడింది. నేలకి రంధ్రం చేసి, కింది గాలిని పైపులోంచి కప్పు మీదికి తోసే చిన్న ఫ్యాన్ పెడితే సరిపోతుంది. ఒక్క రోజు పని. మార్చిలో ఆ మనిషి ఫోన్ చేసి, రెండుసార్లు వెళ్లానని, డాక్టర్ గారు గుమ్మం దగ్గరినుంచే పంపేశారని చెప్పాడు.

శనివారం పొద్దున వెళ్లింది. తలుపు తీసి ఉంది. పైన ఎవరూ లేరు. పిలిస్తే కిందనుంచి "రా అమ్మా" అన్నాడు.

మెట్లు దిగుతూనే మంచం కనిపించింది. పైన పడగ్గదిలో ఉండాల్సిన మంచం. కుట్టుమిషను పక్కన వేసుకున్నాడు. దుప్పటి మడత పెట్టి ఉంది, కళ్లజోడు, పుస్తకాలు, రేడియో పక్కనే ఉన్నాయి.

"ఎప్పటినుంచి?" అంది.

"నువ్వు నంబరు చెప్పిన మర్నాటినుంచి."

"అన్నయ్యగారూ, మీరు డాక్టరు."

"అవును."

"మీకు తెలుసు ఇదేమిటో."

"తెలుసు. నాకు అరవై ఒకటి. పదేళ్ల పైన పడుతుందని నువ్వే అన్నావుగా." ఆయన కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. "పద్నాలుగేళ్లు ఆవిడ కింద ఉంది సరోజా. నేను పైన తెల్ల కార్పెట్ మీద చెప్పులు లేకుండా తిరిగాను. రాత్రుళ్లు పైకి వచ్చి పడుకునేది, పొద్దునే దిగిపోయేది. ఆ పద్నాలుగేళ్లలో నేనిక్కడ కూర్చున్న గంటలు లెక్కపెడితే ఒక వారం కూడా రాదు."

"మీరిక్కడ పడుకుంటే అక్క తిరిగొస్తుందా?"

"రాదు."

"మరి?"

"పైన నిద్ర పట్టట్లేదు," అన్నాడు.

ఆమె బతిమాలింది. రామమోహన్‌ని తీసుకొచ్చి చెప్పించింది. హాస్పిటల్‌లో దక్షిణామూర్తి స్నేహితుడు యోగానంద్‌తో మాట్లాడించింది. దక్షిణామూర్తి అందరి మాటా విని, అందరికీ కాఫీ ఇచ్చి పంపేవాడు. పైపు వెయ్యనివ్వలేదు. ఇల్లు అమ్మననీ, ఇంకెవర్నీ ఆ ఇంట్లో ఉండనివ్వననీ, ఆ ఒక్క భయం పెట్టుకోవద్దనీ చెప్పాడు.

ఆదివారం క్లాసు మళ్లీ మొదలుకాలేదు. ఇంకెవరి ఇంట్లోనైనా పెడదామని విజయశ్రీ ఒకసారి అంది, ఎవరూ పలకలేదు. వేసవి పిక్నిక్‌కి సరోజ కుటుంబాన్ని ఎవరూ పిలవలేదు. విద్య స్కూల్లో బాగానే చదువుతోంది. ఇంట్లో మాత్రం ఇంగ్లీషే మాట్లాడుతుంది. తల్లి తెలుగులో అడిగినా ఇంగ్లీషులోనే జవాబు చెప్తుంది. ఎప్పుడైనా దగ్గు వస్తే బాత్రూమ్‌లోకి వెళ్లి, నీళ్లు వదిలి దగ్గుతుంది. సరోజ బయట నిలబడి లెక్కపెడుతుంది.

1989 డిసెంబరులో దక్షిణామూర్తి ఉద్యోగం మానేశాడు. పైన హీటర్ తగ్గించేశాడు. వంట, భోజనం, చదువు, నిద్ర అన్నీ కిందే. సరోజ రెండు వారాలకోసారి వెళ్తుంది. ఆమె కోసం మెట్లకి దగ్గరగా ఒక కుర్చీ వేస్తాడు. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోరు. ఇరవై నిమిషాలు కాగానే ఆయనే వాచీ చూసి అంటాడు.

"ఇంక వెళ్లమ్మా. నువ్విక్కడ ఎక్కువసేపు ఉండకూడదు."

"ఇంకాసేపు ఉంటాను."

"వద్దు. పిల్ల తల్లివి."

ఆమె లేచి మెట్లెక్కుతుంది. వెనకాల ఆయన రేడియో పెట్టుకున్న చప్పుడు వినిపిస్తుంది. బయటికొచ్చి కార్‌లో కూర్చుని, తాళం తిప్పకుండా, స్టీరింగ్ మీద చేతులు వేసుకుని ఉండిపోతుంది. తర్వాత ఇంటికి వెళ్తుంది.